ఇసుకలోకి దిగే బండికి డిఫ్లేటర్‌ను ఎంచుకోవడం: అడుగడుగునా మార్గదర్శి

దుబాయ్ నుంచి హత్తా వైపు వెళ్లే దారిలో బదాయర్ ఇసుక దిబ్బలు మొదలయ్యే చోట, సెలవు రోజుల్లో తెల్లవారకముందే బండ్లు వరుసగా ఆగి ఉంటాయి. ఇసుకలో బండి కూరుకుపోకుండా, ప్రతి బండి పక్కనా ఎవరో ఒకరు గొంతుక్కూర్చుని టైర్లలో గాలి తీస్తుంటారు. కొందరు తాళంచెవి మొనతో వాల్వు పిన్నును (కాడ లోపల గాలిని ఆపి ఉంచే చిన్న మరభాగాన్ని) నొక్కి పట్టుకుంటారు, కొందరి చేతిలో గేజు (ఒత్తిడిని కొలిచే మీటరు) బిగించిన ఇత్తడి పనిముట్టు ఉంటుంది, మరికొందరు నాలుగు వాల్వులకూ నాలుగు ఇత్తడి బుడిపెలు బిగించి పక్కకు తప్పుకుని టీ తాగుతుంటారు. జైసల్మేర్ దగ్గర సామ్ దిబ్బల్లోకి మహీంద్రా థార్‌నో మారుతి జిమ్నీనో దించే హైదరాబాద్, విజయవాడ మిత్రులు కూడా ఇదే పని చేస్తారు. గాలి తీయడానికి వాడే ఈ పనిముట్లన్నింటికీ కలిపి డిఫ్లేటర్ అని పేరు.

వీటిని అమ్మేవారు ప్రధానంగా వేగం గురించే చెబుతారు. ముప్పై సెకన్లలో ఒక టైరు, రెండు నిమిషాల్లో నాలుగు టైర్లు అన్న మాటలు పెట్టెల మీద పెద్ద అక్షరాలతో కనిపిస్తాయి. ఇసుకలో కొన్నేళ్లు తిరిగాక నాకు అర్థమైనది ఏమిటంటే, గాలిని వదలడం ఏ పుల్లముక్కైనా చేయగలిగిన పని, అనుకున్న అంకె దగ్గర ఆపడమే కష్టమైన పని. 15 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దగ్గర ఆపవలసిన టైరు 11 దగ్గర ఆగితే, దిబ్బ వాలు మీద అడ్డంగా జారేటప్పుడు టైరు రిమ్ము నుంచి ఊడివచ్చే ప్రమాదం ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శి అంతటా నేను డిఫ్లేటర్‌ను ముందు కొలత పరికరంగానూ, ఆ తరువాతే గాలి తీసే పరికరంగానూ చూస్తాను.

మొదటి అడుగు: మీకు కావలసిన అంకెలను రాసుకోండి

పనిముట్టు కొనక ముందు మీ బండికి రెండు అంకెలు తెలిసి ఉండాలి. మొదటిది రోడ్డు మీద ఉండవలసిన గాలి. డ్రైవరు తలుపు తీస్తే పక్కనున్న స్తంభం మీద అంటించిన కాగితంపై ఇది ముద్రించి ఉంటుంది. టైరు పక్కగోడ మీద అచ్చువేసిన గరిష్ఠ ఒత్తిడి వేరు, ఇది వేరు. ఈ రెండింటినీ కలిపేసుకునే పొరపాటు చాలామంది చేస్తారు. రెండవది, మీరు నడపబోయే నేల మీద ఎంతవరకు దించవచ్చు అన్నది.

రోడ్డు మీద 32 నుంచి 36 పీఎస్‌ఐ నడిచే మధ్యస్థాయి ఎస్‌యూవీని దృష్టిలో పెట్టుకుంటే, గతుకుల కంకర దారికి 25 నుంచి 28, రాళ్లూ రప్పలూ ఎక్కే దారికి 18 నుంచి 22, సాధారణ ఇసుకకు 15 నుంచి 18, మెత్తటి దిబ్బలకు 12 నుంచి 15 అన్నవి మొదలుపెట్టడానికి తగిన అంకెలు. బండి మీద సామాను ఎక్కువగా ఉంటే వీటికి రెండు మూడు కలుపుకోవాలి. బీడ్‌లాక్ రిమ్ములు (టైరు అంచును ఊడిపోకుండా బిగించి పట్టే రిమ్ములు) లేని బండిని 12 కంటే కిందికి దించడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. పూర్తిగా కూరుకుపోయినప్పుడు బయటపడటానికి మాత్రం కొందరు 10 దాకా వెళతారు. అప్పుడు కూడా స్టీరింగు తిప్పకుండా నేరుగా బయటకు వచ్చి, వెంటనే మళ్లీ గాలి కొట్టుకోవాలి.

గాలి దించితే ఏం జరుగుతుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఒక టైరు మీద 500 కిలోల బరువు పడుతోందనుకుందాం. 35 పీఎస్‌ఐ దగ్గర ఆ బరువును మోయడానికి సుమారు 200 చదరపు సెంటీమీటర్ల నేల చాలు. అంటే సుమారు రెండు అరచేతులంత చోటు. అదే 15 దగ్గర లెక్క ప్రకారం సుమారు 475 చదరపు సెంటీమీటర్లు కావాలి. టైరు గోడ కూడా కొంత బరువును మోస్తుంది కాబట్టి నిజంలో ఈ అంకె కొంచెం తగ్గుతుంది కానీ, బరువు దాదాపు రెండింతల చోటులో పరచుకుంటుందన్నది మాత్రం నిజం. టైరు ఆనే ఈ చోటు వెడల్పు కంటే పొడవులో ఎక్కువగా పెరుగుతుంది. టైరు యుద్ధ ట్యాంకు గొలుసు పట్టీలా పొడవుగా సాగి ఇసుక మీద తేలుతుంది. దమ్ము చేసే పొలంలోకి ట్రాక్టరును దించేటప్పుడు మన రైతులు కేజ్ వీల్స్ తగిలించడంలోనూ బరువును ఎక్కువ చోటు మీద పరచడం అన్న ఈ ఉపాయమే ఉంది.

ఒక్క మాట పక్కకు వెళ్లి చెప్పాలి. తడిసిన నల్లరేగడిలో ఈ సూత్రం అంతగా పనిచేయదు. ఆ మట్టి టైరు గాళ్లలో ముద్దగా పట్టేసి టైరును నున్నగా మార్చేస్తుంది. అడుగున గట్టి నేల దగ్గరలో ఉంటే, గాలి బాగా దించిన టైరు కంటే కొంచెం గట్టిగా ఉన్న టైరే మట్టిని కోసుకుని దిగి పట్టు దొరకబుచ్చుకుంటుంది. కాబట్టి మీరు ఎక్కువగా తిరిగేది వానాకాలపు పొలం దారుల్లోనే అయితే ఖరీదైన డిఫ్లేటర్ మీకు అవసరం లేకపోవచ్చు.

రెండవ అడుగు: మీ వాల్వును దగ్గరగా చూడండి

కార్ల వాల్వులన్నీ దాదాపుగా ష్రేడర్ రకానివే, అందువల్ల మర అన్ని చోట్లా ఒకటే. తేడా వాల్వు కాడలో ఉంటుంది. పాత రకం రబ్బరు కాడ అయితే బరువైన పనిముట్టు తగిలించినప్పుడు వంగుతుంది, కాడ మొదలు దగ్గర పగుళ్లు ఉంటే అక్కడే చీలుతుంది. వేలితో కాడను పక్కకు వంచి చూడండి. రబ్బరు మీద వెంట్రుకవాసి గీతలు కనిపిస్తే, డిఫ్లేటర్ సంగతి తరువాత, ముందు పంక్చర్ షాపుకు వెళ్లి వాల్వులు మార్పించుకోండి.

టైరు ఒత్తిడిని డ్యాష్‌బోర్డు మీద చూపించే సెన్సర్లు ఉన్న బండ్లలో చాలా వాటికి అల్యూమినియం కాడ ఉంటుంది. ఇక్కడ జాగ్రత్త వేరు. అల్యూమినియం కాడలో నికెల్ పూత ఉన్న పిన్నులనే వాడాలి. మామూలు ఇత్తడి పిన్ను వేస్తే రెండు లోహాల మధ్య తేమ చేరి తుప్పు పట్టి, కొన్నాళ్లకు పిన్ను కాడలోనే అతుక్కుపోతుంది. సముద్రం పక్క ఊళ్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఇత్తడి మూతలకూ ఇదే వర్తిస్తుంది కాబట్టి ప్లాస్టిక్ మూతలే మేలు. అలా అతుక్కుపోయిన పిన్నును డిఫ్లేటర్‌తో బలవంతంగా తిప్పితే కాడ విరిగిపోతుంది, దానితో పాటు సెన్సరు కూడా పోతుంది.

అలాయ్ రిమ్ములో కాడ చుట్టూ ఎంత ఖాళీ ఉందో కూడా కొలుచుకోండి. కొన్ని రిమ్ముల్లో కాడ లోతైన గాడిలో ఉండి, లావుపాటి పనిముట్టుకు చోటు ఇవ్వదు.

మూడవ అడుగు: రకాలను అర్థం చేసుకోండి

మొదటి రకం, పిన్నును నొక్కి పట్టే చిన్న పుల్లలు, తాళంచెవుల గుత్తికి తగిలించుకునే కొక్కేలు. ఇవి చవక, పాడయ్యేది ఏమీ లేదు. పిన్ను చుట్టూ ఉన్న సన్నని సందులోంచే గాలి రావాలి కాబట్టి ఒక్కో టైరుకు నాలుగైదు నిమిషాలు పడుతుంది, మధ్యమధ్య ఆపి వేరే గేజుతో చూసుకోవాలి. ఏడాదికి ఒకసారి ఇసుకకు వెళ్లేవారికి, మంచి గేజు ఒకటి తోడుగా ఉంటే, ఇది చాలు. నేను ఈ మాట మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఎందుకంటే కొత్తవారి చేత అనవసరంగా ఖర్చు పెట్టించడం నాకు నచ్చదు.

రెండవ రకం, పిన్నును విప్పి తనలోనే పట్టి ఉంచుకుని గాలి వదిలే గేజు పనిముట్టు. ఆస్ట్రేలియాకు చెందిన ఏఆర్‌బి సంస్థ చేసే ఈజీ డిఫ్లేటర్ ఈ రకంలో అందరికీ తెలిసినది, అదే పద్ధతిలో ఇంకా చాలా సంస్థలు చేస్తున్నాయి. పిన్ను తొలగిపోయాక కాడ మొత్తం గొట్టంలా తెరుచుకుంటుంది, మధ్యస్థాయి టైరు 35 నుంచి 15కు రావడానికి ఒక నిమిషం అటూఇటూగా సరిపోతుంది. గేజు పనిముట్టు మీదే ఉంటుంది కాబట్టి ఎక్కడ ఆపాలో అక్కడ ఆపవచ్చు. ఒకదాని తరువాత ఒకటిగా నాలుగు టైర్ల దగ్గరా కూర్చోవాలి అన్నదొక్కటే లోటు.

ఈ రకంలో ఒక కీలకమైన సంగతి ఉంది. గాలి బయటకు దూసుకొస్తున్నంతసేపూ గేజు చూపించే అంకె టైరులోని అసలు ఒత్తిడి కంటే తక్కువగా ఉంటుంది, ఎందుకంటే గాలి సన్నని కాడలోంచి వచ్చేటప్పుడే కొంత ఒత్తిడి పడిపోతుంది. ముల్లు 15 చూపిస్తోందని ఆపేస్తే, గొట్టం మూయగానే అది పైకి లేచి అసలు అంకెను చూపిస్తుంది. కాబట్టి గాలి దారిని చప్పున మూసి తెరిచే జారుడు తొడుగు ఉన్న నమూనానే కొనాలి. అది లేనిది ఎంత అందంగా ఉన్నా వద్దు.

మూడవ రకం, ముందే అంకెను సెట్ చేసి పెట్టుకునే ఇత్తడి బుడిపెలు. నాలుగు కలిపి ఒక చిన్న సంచిలో వస్తాయి. ఇవి కూడా ఆస్ట్రేలియాకే చెందిన స్టాన్ అన్న పేరుతో ప్రసిద్ధమయ్యాయి. లోపల ఒక స్ప్రింగు ఉంటుంది. టైరు ఒత్తిడి ఆ స్ప్రింగు బలం కంటే ఎక్కువగా ఉన్నంతసేపు దారి తెరుచుకుని ఉంటుంది, తగ్గగానే దానంతట అదే మూసుకుంటుంది. స్ప్రింగును బిగిస్తే ఎక్కువ ఒత్తిడి దగ్గర, వదులు చేస్తే తక్కువ దగ్గర ఆగుతుంది. నాలుగు టైర్లకూ ఒకేసారి తగిలించి మిగతా పనులు చూసుకోవచ్చు అన్నది వీటి గొప్పతనం. ఇవి పిన్నును తీయవు, నొక్కి పడతాయి, అందువల్ల రెండవ రకం కంటే నెమ్మది. ఆగవలసిన అంకె దగ్గరికి వస్తున్నకొద్దీ మరింత నెమ్మదిస్తాయి. ఇసుక రేణువు ఒకటి లోపలి మూత కింద చేరితే పూర్తిగా మూసుకోకపోవచ్చు. అందుకని వాటిని తగిలించి మరచిపోయి వెళ్లిపోకూడదు. నేలను బట్టి అంకెను తరచుగా మార్చేవారికీ ఇవి ఇబ్బందే, ఎందుకంటే ఒక్కోదాన్నీ మళ్లీ సెట్ చేయాలి. ఎప్పుడూ ఒకే దిబ్బలకు, ఒకే బండిలో వెళ్లేవారికి మాత్రం వీటిని మించినవి లేవు.

నాలుగవది, నాలుగు గొట్టాలను ఒకే గేజుకు కలిపే అమరిక. నాలుగు టైర్లూ ఒకదానితో ఒకటి కలిసిపోతాయి కాబట్టి అన్నింటిలోనూ ఒత్తిడి సమానమవుతుంది, అదే గొట్టాలతో తిరిగి గాలి కూడా కొట్టుకోవచ్చు. రోడ్డు కోసం ముందు టైర్లకు ఒక అంకె, వెనుక టైర్లకు ఒక అంకె కావలసిన బండ్లకు ఇది కొంత అడ్డం వస్తుంది. డిక్కీలో చోటు కూడా ఎక్కువ తింటుంది. మంచి కంప్రెసర్ ఇప్పటికే ఉండి, నెలకు రెండు మూడుసార్లు వెళ్లేవారు దీని గురించి ఆలోచించవచ్చు. రిమ్ముకు శాశ్వతంగా బిగించే పెద్ద వాల్వులు కూడా ఉన్నాయి, అయితే అవి పోటీల వారికే తప్ప మామూలు వాడకానికి అక్కరలేదు.

నాలుగవ అడుగు: కంప్రెసర్‌ను లెక్కలోకి తీసుకోండి

థార్ బండికి వచ్చే 255/65 ఆర్ 18 సైజు టైరు లోపల నా లెక్కకు సుమారు 60 లీటర్ల చోటు ఉంటుంది. దాన్ని 35 నుంచి 15కు దించితే సుమారు 80 లీటర్ల మామూలు గాలి బయటకు పోతుంది. నాలుగు టైర్లకు 320 లీటర్లు. ఆ 320 లీటర్లూ తిరిగి లోపలికి కొట్టవలసింది మీ కంప్రెసరే. సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెట్టే చిన్న పంపుతో అయితే ఇది చాలాసేపటి పని, మధ్యలో పంపు వేడెక్కి ఆగిపోతుంది కూడా. బ్యాటరీకి నేరుగా క్లిప్పులు తగిలించే కంప్రెసర్ అయితే పావుగంటలో అవుతుంది. కాబట్టి డబ్బు పరిమితంగా ఉంటే ముందు కంప్రెసర్ కొనండి, మిగిలిన దానితో డిఫ్లేటర్ కొనండి. గాలి కొట్టుకునే దారి లేనివాడు గాలి తీయకూడదు.

అయిదవ అడుగు: గేజును పరీక్షించండి

ముల్లు గేజులు సాధారణంగా తమ కొలత పరిధి మధ్య భాగంలో కచ్చితంగానూ, రెండు చివర్లలో కొంచెం తేడాగానూ చూపిస్తాయి. మీకు కావలసింది 12 నుంచి 35 మధ్య. 0 నుంచి 60 దాకా ఉన్న గేజు ఈ పనికి సరిపోతుంది. 0 నుంచి 150 దాకా ఉన్న గేజులో 15 అన్నది ముల్లు మొదట్లో ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది, ఒక గీతకు మరో గీతకు మధ్య అయిదేసి పీఎస్‌ఐ ఉంటాయి. దానితో 15కూ 12కూ తేడా తెలియదు. కనీసం ఒక్కో పీఎస్‌ఐకి ఒక గీత ఉండాలి. డిజిటల్ గేజు చదవడానికి సుఖమే కానీ, జూలై ఎండలో బండిలో ఉంచితే బ్యాటరీ ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేము. అందుకే నేను ముల్లు గేజునే నమ్ముకున్నాను.

కొన్న రోజే ఈ పరీక్ష చేయండి. పొద్దున్నే, బండి కదలక ముందు, చల్లగా ఉన్న ఒకే టైరును మీకు నమ్మకమున్న గేజుతోనూ, డిఫ్లేటర్ గేజుతోనూ 30, 20, 15 దగ్గర మూడుసార్లు కొలవండి. రెండు గేజుల మధ్య ఎప్పుడూ ఒకే తేడా, ఉదాహరణకు 1 పీఎస్‌ఐ, వస్తే భయం లేదు, ఒక చిన్న కాగితం మీద రాసి పనిముట్టుకు అంటించుకుంటే సరిపోతుంది. ఒక్కోసారి ఒక్కో తేడా వస్తే ఆ పనిముట్టును తిరిగి ఇచ్చేయండి. స్థిరంగా తప్పు చూపించే గేజుతో బతకవచ్చు, నిలకడ లేని గేజుతో బతకలేము.

గేజు మీద గాలి వదిలే చిన్న బొత్తాం ఉంటే అదొక వరం. అంకె దగ్గరికి వచ్చాక చిటికెడు చిటికెడుగా దించుకోవచ్చు.

ఆరవ అడుగు: చేతిలోకి తీసుకుని చూడండి

కొట్టులో వీలైతే పెట్టె విప్పించండి. మర భాగం ఇత్తడిదై ఉండాలి. పూత వేసిన మెత్తటి పోత లోహమైతే కొన్నిసార్లు తగిలించేసరికే మర అరిగిపోతుంది. వాల్వు మీద బిగించే తొడుగు పట్టుకోవడానికి గరుకుగా ఉందా, చెమట పట్టిన వేళ్లకు జారకుండా ఉందా చూడండి. లోపలి రబ్బరు రింగును గోటితో తాకండి. అది మెత్తగా, పగుళ్లు లేకుండా ఉండాలి, విడిగా దొరకాలి కూడా. రెండవ రకం పనిముట్టు అయితే లోపలి కడ్డీ పిన్నును గట్టిగా పట్టుకుంటోందో లేదో ఒక విడి పిన్ను పెట్టి చూడండి. పిన్ను తలను కడ్డీలో పెట్టి పనిముట్టును తలకిందులుగా ఊపితే పిన్ను రాలకూడదు.

ఈ చివరి మాటను నేను అనుభవంతో చెబుతున్నాను. మొదట్లో నా దగ్గర పిన్నును పట్టి ఉంచుకోని, విప్పడానికి మాత్రమే పనికివచ్చే చవక తాళం ఉండేది. ఒక సాయంత్రం దిబ్బల మధ్య దానితో పిన్ను విప్పుతుంటే, చివరి చుట్టు తిరగగానే గాలి ఒత్తిడికి పిన్ను తుపాకీ గుండులా ఎగిరి ఇసుకలో పడింది. ఆ చిన్న వస్తువు కోసం ముగ్గురం ఫోన్ల వెలుతురులో ఇసుకను వేళ్లతో జల్లెడ పట్టాము. టైరు పూర్తిగా నేలకు అంటుకుపోయింది. చివరికి మాలో పెద్దాయన ఒకరు, "ముందు స్టెప్నీ పిన్ను తీసి దీనికి పెట్టు తమ్ముడూ" అన్నారు. అలాగే చేసి కంప్రెసర్‌తో గాలి కొట్టుకుని బయటపడ్డాము, కానీ స్టెప్నీ ఖాళీ అయిపోయింది, మిగిలిన దారంతా అది పనికిరాకుండానే ప్రయాణించాము. ఆ మర్నాడే పది పిన్నులు కొని ఒక చిన్న డబ్బాలో వేసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టాను. ఏ డిఫ్లేటర్ కొన్నా, దానితో పాటు అయిదారు విడి పిన్నులు, రెండు మూతలు, పిన్ను బిగించే చిన్న తాళం తప్పకుండా కొనండి.

ఏడవ అడుగు: ఇంటి దగ్గర ఒకసారి చేసి చూడండి

కొత్త పనిముట్టును మొదటిసారి ఇసుకలో వాడకూడదు. చదునైన చోట, హ్యాండ్‌బ్రేకు వేసి, పక్కన కంప్రెసర్ పెట్టుకుని మొదలుపెట్టండి. పిన్నును విప్పే రకానికి క్రమం ఇలా ఉంటుంది.

ముందు మూత తీసి జేబులో వేసుకోండి, నేల మీద పెట్టకండి. వాల్వు నోటిని గుడ్డతో తుడిచి, లోపల మట్టి ఉంటే పిన్నును ఒక్క క్షణం నొక్కి ఊదేయండి. లోపలి కడ్డీని వెనక్కి లాగి ఉంచి, పనిముట్టు తొడుగును వాల్వు మీద వేళ్లతోనే బిగించండి. పట్టకారు వాడకండి, ఎందుకంటే అతిగా బిగిస్తే విప్పేటప్పుడు కాడ తిరుగుతుంది. జారుడు తొడుగు మూసి ఉందని చూసుకున్నాక, కడ్డీని నెమ్మదిగా లోపలికి నెట్టి, పిన్ను తల చిక్కినట్టు వేళ్లకు తెలిసే దాకా కొంచెం కొంచెంగా తిప్పండి. చిక్కగానే ఎడమ వైపుకు నాలుగైదు చుట్లు తిప్పితే మర వదిలిన చిన్న కుదుపు తెలుస్తుంది, కడ్డీ తనంతట తానే వెనక్కి వస్తుంది. ఆ క్షణంలో గేజు ముల్లు ఒక్కసారిగా లేచి టైరు ఒత్తిడిని చూపిస్తుంది. ఇప్పుడు జారుడు తొడుగును లాగితే గాలి బుస్సుమంటూ బయటకు వస్తుంది. పది సెకన్లకు ఒకసారి మూసి, ముల్లు నిలిచాక చదవండి. కావలసిన అంకెకు ఒకటిన్నర పైన ఉన్నప్పుడే రెండేసి సెకన్లు మాత్రమే తెరిచి మూయడం మొదలుపెట్టండి. అంకె వచ్చాక కడ్డీని లోపలికి నెట్టి కుడి వైపుకు తిప్పి పిన్నును కూర్చోబెట్టండి. వేళ్లకు అడ్డు తగలగానే ఇంకో పావు చుట్టు చాలు. పిన్ను లోపలి రబ్బరు చాలా సున్నితమైనది, బలం చూపిస్తే అది చీలి, గాలి మెల్లగా కారుతుంది.

తొడుగు విప్పాక వాల్వు నోటి మీద ఒక చుక్క ఉమ్ముగానీ సబ్బు నీళ్లుగానీ వేయండి. పంక్చర్ షాపులో చేసేది ఇదే. బుడగ రాకపోతే మూత పెట్టేయండి. బుడగ లేస్తే పిన్నును కొద్దిగా బిగించి మళ్లీ చూడండి.

ముందే సెట్ చేసుకునే రకమైతే ఇంటి దగ్గరే నాలుగింటినీ ఒకే టైరు మీద ఒకదాని తరువాత ఒకటిగా పరీక్షించాలి. ప్రతిసారీ టైరును 30కి కొట్టి, బుడిపె తనంతట తాను ఆగేదాకా వేచి చూసి, వేరే గేజుతో కొలిచి, తేడా ఉంటే స్ప్రింగును సరిచేసి లాక్ రింగు బిగించండి. నాలుగింటి మధ్యా తేడా 1 పీఎస్‌ఐ లోపలే ఉండేదాకా ఈ పని మానకండి. ఇది ఒక సాయంత్రం మొత్తం తీసుకుంటుంది, కానీ ఆ తరువాత ఏళ్ల తరబడి సుఖపెడుతుంది.

ఎనిమిదవ అడుగు: వేడిని లెక్కలో పెట్టుకోండి

హైవే మీద 110 కిలోమీటర్ల వేగంతో గంటసేపు వచ్చాక టైర్లు బాగా వేడెక్కి ఉంటాయి. అప్పుడే దించితే అంకె తప్పుతుంది. లోపలి గాలి 65 డిగ్రీల దగ్గర ఉండగా 15కు దించారనుకోండి. అది 35 డిగ్రీలకు చల్లబడ్డాక గేజు 12న్నర దగ్గర ఉంటుంది. అంటే మీకు తెలియకుండానే హద్దు దాకా వెళ్లిపోయారు. అందుకే దిబ్బల దగ్గరికి చేరాక బండ్లన్నీ కలిసేదాకా పావుగంట ఆగి, మొదట రెండు పీఎస్‌ఐ ఎక్కువగా ఉంచి దించండి. మొదటి దిబ్బ దాటి ఆగినప్పుడు మళ్లీ కొలిచి, అవసరమైతే ఇంకొంచెం దించండి. ఎండ పడుతున్న పక్క టైర్లకు, నీడ పక్క టైర్లకు ఒక పీఎస్‌ఐ దాకా తేడా రావడం మామూలే.

డ్యాష్‌బోర్డు మీద టైరు గుర్తు పసుపు రంగులో వెలిగితే కంగారు పడకండి. అమెరికా నిబంధనల ప్రకారం నిర్ణీత ఒత్తిడి కంటే 25 శాతం తగ్గగానే ఆ హెచ్చరిక రావాలి, ఇతర దేశాలకు వచ్చే బండ్లలోనూ దాదాపు అదే ధోరణి కనిపిస్తుంది. ఇసుకలో ఉన్నంతసేపూ అది వెలుగుతూనే ఉంటుంది. సెన్సరు అంకెలు చూపించే బండి అయితే ఒక్కో టైరును దారిలోనే గమనిస్తూ ఉండవచ్చు, ఏ టైరైనా మిగతా వాటి కంటే దిగిపోతుంటే పిన్ను సరిగా కూర్చోలేదని అర్థం. అయితే సెన్సరు అంకె కొన్ని నిమిషాలు ఆలస్యంగా మారుతుంది కాబట్టి, గాలి దించేటప్పుడు గేజు స్థానంలో దాన్ని నమ్ముకోకూడదు.

ఆంధ్ర తీరంలో బండి దించాలనుకునే వారికి ఒక విన్నపం. డిసెంబరు నుంచి వేసవి మొదటి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరపు ఇసుకలో గుడ్లు పెడతాయి. గాలి దించిన టైరు ఇసుక మీద తేలినా, దాని కింద అడుగు లోతులో ఉన్న గూటిని నలిపేస్తుంది. బండ్లకు అనుమతి ఉన్న చోటే, స్థానిక అటవీ సిబ్బందిని అడిగిన తరువాతే దిగండి.

తొమ్మిదవ అడుగు: తిరిగి రోడ్డెక్కే ముందు

గాలి దించిన టైరుతో తారురోడ్డు మీద వేగంగా వెళ్లడం ఇసుకలో కూరుకుపోవడం కంటే ఎంతో ప్రమాదకరం. పక్కగోడ ప్రతి చుట్టులోనూ మడతపడి విచ్చుకుంటూ లోపల వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి లోపలి పొరలు విడిపోయి టైరు పేలుతుంది. అందుకే దిబ్బల అంచునే కంప్రెసర్ తీయాలి. అది పాడైతే దగ్గరలోని పెట్రోలు బంకు దాకా హజార్డు దీపాలు వేసుకుని, రోడ్డు అంచున, 40 దాటకుండా వెళ్లండి. గాలి కొట్టే ముందు నాలుగు వాల్వుల నోళ్లలోని ఇసుకను ఊదేయండి. లేకపోతే ఆ ఇసుక పిన్ను మీదుగా లోపలికి పోతుంది. రోడ్డు అంకె కంటే ఒకటి రెండు ఎక్కువే కొట్టి, మర్నాడు పొద్దున చల్లటి టైర్ల మీద సరిచేసుకుంటే కచ్చితంగా ఉంటుంది.

ఇంటికి వచ్చాక పనిముట్టును కంప్రెసర్ గాలితో ఊది, లోపలి రబ్బరు రింగుకు ఒక్క చుక్క సిలికాన్ నూనె రాయండి. పెట్రోలు, డీజిలు తగలనివ్వకండి, అవి రబ్బరును ఉబ్బిస్తాయి. మామూలు గ్రీజు రాస్తే తరువాతి ప్రయాణంలో ఇసుక దానికే అంటుకుంటుంది. గేజు కిందపడితే, పైకి ఏమీ పగలకపోయినా, అయిదవ అడుగులోని పరీక్షను మళ్లీ చేయండి. ఇసుకకు వెళ్లని నెలల్లో పనిముట్టును బండిలో కాకుండా ఇంట్లో, ఎండ తగలని అరలో, విడి పిన్నుల డబ్బాతో కలిపి ఒకే సంచిలో ఉంచండి.